యూనిట్ – 9 : రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరాతో చిత్రీకరణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 చారిత్రక నేపథ్యం
9.3 రేంజ్‌ఫైండర్ పనిచేసే విధానం
9.4 వ్యూఫైండర్ చూపని మూడు విషయాలు
9.5 ఎక్స్‌పోజర్ నిర్ణయం
9.6 ముందుగా ఫోకస్ చేసే పద్ధతి
9.7 పాత కెమెరాను పరీక్షించడం
9.8 మొదటి రీలు: పని క్రమం
9.9 సారాంశం
9.10 పారిభాషిక పదాలు
9.11 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' – సమాధానాలు
9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తర్వాత మీరు:
• రేంజ్‌ఫైండర్ దూరాన్ని ఏ సూత్రం ఆధారంగా కొలుస్తుందో వివరించగలుగుతారు.
• వ్యూఫైండర్‌లో కనిపించే దృశ్యానికీ, ఫిల్మ్‌పై నమోదయ్యే దృశ్యానికీ గల తేడాలను గుర్తించగలుగుతారు.
• మీటరు సహాయంతోనూ, మీటరు లేకుండానూ ఎక్స్‌పోజర్‌ను నిర్ణయించగలుగుతారు.
• కదిలే మనుషులను చిత్రించడానికి ముందుగా ఫోకస్ చేసే పద్ధతిని ఉపయోగించగలుగుతారు.
• పాత కెమెరా పనికి వస్తుందో లేదో పరీక్షించగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతకుముందు యూనిట్‌లో సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరా గురించి తెలుసుకున్నారు. ఆ కెమెరాలో లెన్స్ గుండా వచ్చిన కాంతే అద్దం మీద పరావర్తనం చెంది మన కంటికి చేరుతుంది. ఫోకస్ తప్పితే వ్యూఫైండర్‌లోనే మసకగా కనిపిస్తుంది. లెన్స్‌కు మూత ఉంటే అంతా చీకటిగా ఉంటుంది. అంటే ఫోటోగ్రాఫర్ చేసే పొరపాట్లలో చాలావాటిని కెమెరా ముందే చూపిస్తుంది.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఈ సదుపాయం లేదు. ఇందులో మనం చూసే కిటికీ వేరు, ఫిల్మ్‌కు కాంతిని పంపే లెన్స్ వేరు. వ్యూఫైండర్‌లో దగ్గరి వస్తువూ, దూరపు వస్తువూ ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తాయి. ఫిల్మ్‌పై ఏది స్పష్టంగా పడుతుందో, ఏది మసకబారుతుందో ఫోటోగ్రాఫర్ తన బుద్ధితో ఊహించుకోవాలి. రీలులో ఉండేవి 36 ఫ్రేములు. అవి ఎలా వచ్చాయో రీలు కడిగించేదాకా తెలియదు. ఒక ఊరేగింపునో, ఒక సభనో చిత్రించడానికి వెళ్లినవారికి ఆ సందర్భం మళ్లీ రాదు.

అందువల్ల ఈ కెమెరాతో పనిచేయడం అంటే మీట నొక్కకముందే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవడం: ఎంత దూరం? ఎంత వెలుతురు? ఫ్రేములో ఏది ఉంటుంది? ఈ మూడింటినీ అభ్యాసం చేయడానికి ఒక నిర్దిష్టమైన కెమెరాను ఉదాహరణగా తీసుకుందాం. అది జపాన్‌కు చెందిన కానన్ సంస్థ 1972లో విడుదల చేసిన కానొనెట్ క్యూఎల్ 17 జి–త్రీ. ఇందులో చెప్పే సూత్రాలు ఆ కాలపు ఇతర చిన్న రేంజ్‌ఫైండర్ కెమెరాలకూ చాలావరకు వర్తిస్తాయి.

9.2 చారిత్రక నేపథ్యం

35 మి.మీ. ఫిల్మ్ వాడే చిన్న కెమెరాకు ఆదరణ తెచ్చింది జర్మనీలో తయారైన లైకా. అది 1925లో మార్కెట్లోకి వచ్చింది. తొలి లైకాలో దూరాన్ని అంచనా వేసుకుని లెన్స్‌ను తిప్పుకోవలసి వచ్చేది. 1932లో వచ్చిన రెండో నమూనాలో రేంజ్‌ఫైండర్‌ను లెన్స్‌తో అనుసంధానం చేశారు. అదే సంవత్సరం జైస్ ఐకాన్ సంస్థ కాంటాక్స్ కెమెరాను తెచ్చింది. దీంతో చేతిలో ఇమిడే కెమెరాతో వేగంగా, కచ్చితంగా ఫోకస్ చేయడం సాధ్యమైంది.

పత్రికా ఛాయాచిత్రణ స్వరూపం మారడానికి ఇది ఒక ముఖ్యకారణం. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆంరీ కార్టియే బ్రెసాఁ 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీజీ చివరి రోజులనూ, అంత్యక్రియలనూ చిత్రించినది లైకా సంప్రదాయానికి చెందిన చిన్న కెమెరాతోనే. పెద్ద కెమెరా, స్టాండు లేకుండా జనంలో ఒకడిగా నిలబడి పనిచేయడం అలాంటి కెమెరా వల్ల వీలైంది.

అయితే లైకా ఖరీదైనది. 1961లో కానన్ సంస్థ కానొనెట్ అనే పేరుతో లెన్స్ మార్చే వీలులేని, సామాన్య కుటుంబాలు కొనగలిగే రేంజ్‌ఫైండర్ కెమెరాను విడుదల చేసింది. 1965లో ఫిల్మ్‌ను సులభంగా ఎక్కించే 'క్విక్ లోడ్' ఏర్పాటును చేర్చింది. పేరులోని 'క్యూఎల్' దానికి సంకేతం. '17' అనేది లెన్స్ గరిష్ఠ ఎపర్చర్ ఎఫ్/1.7ను సూచిస్తుంది. 1972 నాటి జి–త్రీ ఈ వరుసలో బాగా పేరుపొందిన నమూనా.

ఆ తర్వాత ఈ తరహా కెమెరాలకు రెండు వైపుల నుంచి పోటీ ఎదురైంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి రిఫ్లెక్స్ కెమెరాలు వృత్తి నిపుణులను ఆకర్షించాయి. 1977లో కోనికా సంస్థ తానే ఫోకస్ చేసుకునే చిన్న కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. దూరాన్ని కొలిచే పని మనిషి చేతి నుంచి యంత్రానికి మారింది.

9.3 రేంజ్‌ఫైండర్ పనిచేసే విధానం

ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ చూపుడు వేలును ముఖానికి ఒక జానెడు దూరంలో నిలబెట్టి ఒక్కొక్క కన్ను మార్చి మార్చి మూయండి. వెనుక గోడతో పోల్చినప్పుడు వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. చేయి బాగా చాచి మళ్లీ చూడండి. ఈసారి వేలు తక్కువగా జరుగుతుంది. చూసే రెండు బిందువుల మధ్య దూరం స్థిరంగా ఉన్నప్పుడు, వస్తువు జరిగినట్లు కనిపించే కోణాన్ని బట్టి దాని దూరాన్ని తెలుసుకోవచ్చు. సర్వేయర్లు వాడే త్రిభుజీకరణ సూత్రం ఇదే.

కెమెరాలో ఈ రెండు కళ్ల పని రెండు కిటికీలు చేస్తాయి. పెద్ద కిటికీ వ్యూఫైండర్. చిన్న కిటికీ గుండా వచ్చిన కాంతి ఒక దర్పణం మీద పడి, వ్యూఫైండర్‌లోని అర్ధపారదర్శక దర్పణం ద్వారా మన కంటికి చేరుతుంది. అందువల్ల వ్యూఫైండర్ మధ్యభాగంలో లేత పసుపు రంగు మచ్చలాంటి చోట రెండో ప్రతిబింబం కనిపిస్తుంది. ఫోకస్ సరిగా లేనప్పుడు అక్కడ వస్తువు జంటగా కనిపిస్తుంది. లెన్స్‌పై ఉన్న ఫోకస్ మీటను తిప్పినప్పుడు లెన్స్‌తో పాటు లోపలి భాగం కూడా కదిలి రెండో ప్రతిబింబాన్ని పక్కకు జరుపుతుంది. రెండు ప్రతిబింబాలు ఒకదానిపై ఒకటి కచ్చితంగా కలిసినప్పుడు ఆ వస్తువు ఫోకస్‌లో ఉన్నట్లు.

రెండు కిటికీల మధ్య దూరాన్ని ఆధారరేఖ అంటారు. ఉదాహరణకు ఆధారరేఖ 30 మి.మీ. అనుకుందాం. వివిధ దూరాల్లో ఏర్పడే కోణం పట్టిక 9.1లో ఉంది.

పట్టిక 9.1 : వస్తువు దూరం – ఏర్పడే కోణం (ఆధారరేఖ 30 మి.మీ.)
1 మీటరు – 1.72 డిగ్రీలు
5 మీటర్లు – 0.34 డిగ్రీలు
10 మీటర్లు – 0.17 డిగ్రీలు

1 మీటరు నుంచి 5 మీటర్లకు వెళ్లేసరికి కోణం దాదాపు 1.4 డిగ్రీలు మారింది. 5 నుంచి 10 మీటర్లకు మారినది 0.17 డిగ్రీలే. దీన్నిబట్టి చిన్న రేంజ్‌ఫైండర్ దగ్గరి దూరాల్లో చాలా సున్నితంగానూ, దూరపు వస్తువుల విషయంలో తక్కువ సున్నితంగానూ పనిచేస్తుందని తెలుస్తుంది. ఫోకస్‌లో పొరపాటు ఎక్కువ నష్టం చేసేది దగ్గరి దూరాల్లోనే కాబట్టి, ఈ లక్షణం మనకు అనుకూలమైనదే. కానొనెట్‌కు 40 మి.మీ. లెన్స్ అమర్చడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. టెలిఫోటో లెన్స్‌లకు దూరంలో కూడా అతి కచ్చితమైన ఫోకస్ కావాలి. అది చిన్న ఆధారరేఖతో సాధ్యం కాదు.

ఆచరణలో ఒక సూచన: జంట ప్రతిబింబాన్ని కలపడానికి నిలువు గీత ఉన్న చోటును ఎంచుకోండి. ముఖాన్ని చిత్రిస్తున్నప్పుడు కళ్లజోడు అంచు, ముక్కు గీత, చొక్కా గుండీల పట్టీ వంటివి ఉపయోగపడతాయి. సాదా గోడ మీద, అడ్డగీతల మీద రెండు ప్రతిబింబాలు కలిశాయో లేదో తెలియదు. అడ్డగీత తప్ప ఏదీ దొరకకపోతే కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ చేసి, మళ్లీ యథాస్థితికి తెచ్చుకోవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
1. రేంజ్‌ఫైండర్ ఏ సూత్రంపై ఆధారపడి పనిచేస్తుంది?
2. జంట ప్రతిబింబాన్ని కలపడానికి నిలువు గీతలే ఎందుకు కావాలి?

9.4 వ్యూఫైండర్ చూపని మూడు విషయాలు

9.4.1 స్పష్టత

పసుపు మచ్చలోని ప్రతిబింబం ఏ ఒక్క దూరం ఫోకస్‌లో ఉందో మాత్రమే చెబుతుంది. ఆ దూరానికి ముందూ వెనుకా ఎంత మేర స్పష్టంగా ఉంటుందో చెప్పదు. ఈ మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. అది ఎపర్చర్‌నూ, దూరాన్నీ బట్టి మారుతుంది. 40 మి.మీ. లెన్స్‌ను 3 మీటర్ల వద్ద ఫోకస్ చేసినప్పుడు స్పష్టంగా వచ్చే మేరను లెక్కకట్టి పట్టిక 9.2లో ఇచ్చాం.

పట్టిక 9.2 : డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (40 మి.మీ. లెన్స్, ఫోకస్ 3 మీటర్లు, సుమారు విలువలు)
ఎఫ్/1.7 – 2.7 మీ. నుంచి 3.3 మీ. వరకు
ఎఫ్/4 – 2.5 మీ. నుంచి 3.9 మీ. వరకు
ఎఫ్/8 – 2.1 మీ. నుంచి 5.4 మీ. వరకు
ఎఫ్/16 – 1.6 మీ. నుంచి 27 మీ. వరకు

అదే లెన్స్‌ను ఎఫ్/1.7 వద్ద 1 మీటరుకు ఫోకస్ చేస్తే స్పష్టంగా ఉండే మేర సుమారు 6 సెంటీమీటర్లే. ఫోకస్ చేశాక ఫోటోగ్రాఫర్ కొద్దిగా ముందుకు వంగినా, ఎదుటి మనిషి తల కాస్త కదిపినా కళ్లు మసకబారతాయి. వ్యూఫైండర్‌లో మాత్రం ముఖం ఎప్పటిలాగే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే తక్కువ వెలుతురులో దగ్గర నుంచి తీసేటప్పుడు ఫోకస్ చేసిన వెంటనే మీట నొక్కాలి.

9.4.2 ఫ్రేము హద్దులు

వ్యూఫైండర్ లెన్స్‌కు పైన, కొంచెం పక్కగా ఉంటుంది. కాబట్టి రెండూ ఒకే దృశ్యాన్ని కొద్ది తేడాతో చూస్తాయి. ఈ తేడాను పారలాక్స్ లేదా దృష్టి విక్షేపం అంటారు. పది మీటర్ల దూరంలోని ఇంటి విషయంలో ఇది పట్టించుకోదగినది కాదు. ఒక మీటరు దూరంలోని ముఖం విషయంలో తల పైభాగం తెగిపోయేంత తేడా రావచ్చు.

కానొనెట్ వ్యూఫైండర్‌లో వెలిగే గీతలతో ఒక ఫ్రేము కనిపిస్తుంది. దగ్గరి వస్తువుకు ఫోకస్ చేసేకొద్దీ ఆ ఫ్రేము జరిగి పారలాక్స్‌ను సవరిస్తుంది. కాబట్టి మొదట ఫోకస్ చేయాలి, ఆ తర్వాతే ఫ్రేము కూర్చుకోవాలి. ఈ క్రమాన్ని తారుమారు చేస్తే సవరణ ప్రయోజనం ఉండదు. ఫ్రేము గీతల వెలుపల ఉన్న దృశ్యం కూడా కనిపించడం ఈ కెమెరాలోని మేలు. ఫ్రేములోకి ఎవరు రాబోతున్నారో ముందే తెలుస్తుంది.

ఫిల్మ్ ఫ్రేము వెడల్పు 36 మి.మీ., ఎత్తు 24 మి.మీ. కాబట్టి 40 మి.మీ. లెన్స్‌తో 3 మీటర్ల దూరంలో సుమారు 2.7 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల ఎత్తు గల దృశ్యం పడుతుంది. ఈ లెక్క గుర్తుంటే కెమెరా కంటికి ఆనించకముందే ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకోవచ్చు.

9.4.3 లెన్స్ మూత

లెన్స్‌కు మూత ఉన్నా వ్యూఫైండర్‌లో దృశ్యం చక్కగానే కనిపిస్తుంది. మూత తీయకుండా ఎన్ని ఫ్రేములు తీసినా ఫిల్మ్‌పై ఏమీ పడదు. ఆటోలో ఉన్నప్పుడు, బ్యాటరీ పనిచేస్తుంటే, వెలుతురు చాలదని కానొనెట్ షట్టర్‌ను ఆపేస్తుంది. మాన్యువల్ పద్ధతిలో ఈ రక్షణ లేదు. మూతను కెమెరాకు కట్టి వేలాడదీయకుండా, పని మొదలుపెట్టేముందు జేబులో వేసుకోవడం మంచి అలవాటు. లెన్స్ ముందుకు వచ్చిన వేలు, మెడ పట్టీ కూడా వ్యూఫైండర్‌లో కనిపించకపోవచ్చని గుర్తుంచుకోండి.

9.5 ఎక్స్‌పోజర్ నిర్ణయం

9.5.1 ఆటో పద్ధతి

కానొనెట్‌లో షట్టర్ వేగాన్ని మనం ఎంచుకుంటే ఎపర్చర్‌ను కెమెరా నిర్ణయిస్తుంది. దీన్ని షట్టర్ ప్రాధాన్య పద్ధతి అంటారు. ఎపర్చర్ రింగును 'ఏ' అక్షరం వద్ద ఉంచాలి. షట్టర్ వేగాలు సెకనులో 4వ వంతు నుంచి 500వ వంతు వరకు ఉన్నాయి. వ్యూఫైండర్‌లోని సూది కెమెరా ఎంచుకున్న ఎపర్చర్‌ను చూపుతుంది. సూది హద్దు దాటి ఎర్రటి భాగంలోకి వెళ్తే షట్టర్ పనిచేయదు. అది కెమెరా చెడిపోయినట్లు కాదు. వేగాన్ని మార్చుకొమ్మని సూచన.

కాంతిని కొలిచే కాడ్మియం సల్ఫైడ్ సెల్ లెన్స్ చుట్టూ ఉన్న వలయంలోనే ఉంటుంది. ఫిల్టర్ బిగిస్తే సెల్ కూడా ఫిల్టర్ గుండానే చూస్తుంది. అందువల్ల ఫిల్టర్ తగ్గించే కాంతికి వేరుగా లెక్క వేయనక్కర్లేదు. అయితే ఈ సెల్ దృశ్యమంతటి సగటు వెలుతురును కొలుస్తుంది. గుమ్మంలో కూర్చున్న మనిషి వెనుక ఎండ కాస్తున్న వీధి ఉంటే, సగటు ఎక్కువై ముఖం నల్లబడుతుంది. తెల్లని పంచెలు, చొక్కాలు ధరించిన బృందాన్ని తీసినప్పుడు తెలుపు బూడిద రంగుకు దిగుతుంది. ఇలాంటప్పుడు ముఖంపై పడుతున్నంత వెలుతురే ఉన్న మరో చోటుకు కెమెరాను తిప్పి, మీటను సగం నొక్కి పట్టుకుంటే ఆ ఎక్స్‌పోజర్ నిలిచిపోతుంది. మీట వదలకుండా ఫ్రేము కూర్చుకుని పూర్తిగా నొక్కాలి.

9.5.2 మీటరు లేకుండా

ఎపర్చర్ రింగును 'ఏ' నుంచి తప్పించి ఏదో ఒక విలువ వద్ద ఉంచితే మీటరు పనిచేయదు. కానీ షట్టర్ యాంత్రికమైనది కాబట్టి బ్యాటరీ లేకపోయినా కెమెరా పనిచేస్తుంది. అప్పుడు 'ఎండలో 16' అనే సూత్రం ఉపయోగపడుతుంది. నడి ఎండలో ఎపర్చర్‌ను ఎఫ్/16 వద్ద ఉంచి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓ సంఖ్యకు దగ్గరగా ఉన్న విలువకు పెట్టాలి. ఐఎస్ఓ 200 ఫిల్మ్‌కు అది 1/250 సెకను.

పట్టిక 9.3 : వెలుతురు స్థితి – ఎపర్చర్ (ఐఎస్ఓ 200, 1/250 సెకను)
నీడ అంచు పదునుగా ఉన్న ఎండ – ఎఫ్/16
పలుచని మబ్బు, నీడ అంచు మెత్తబడినప్పుడు – ఎఫ్/11
మబ్బు పట్టి నీడ కనిపించనప్పుడు – ఎఫ్/8
దట్టమైన మబ్బు, లేదా ఆరుబయట చెట్టు నీడ – ఎఫ్/5.6

నీడను చూసి వెలుతురును చదవడం ఈ పట్టిక నేర్పే అసలు విషయం. కలర్ నెగెటివ్ ఫిల్మ్ తక్కువ ఎక్స్‌పోజర్‌ను సహించినదానికంటే ఎక్కువ ఎక్స్‌పోజర్‌ను బాగా సహిస్తుంది. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు ఎపర్చర్‌ను ఒక మెట్టు ఎక్కువగా తెరవడం మేలు. స్లైడ్ ఫిల్మ్‌కు ఈ వెసులుబాటు లేదు.

9.5.3 బ్యాటరీ సమస్య

ఈ కెమెరాను 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కోసం రూపొందించారు. పాదరసం నేలనూ నీటినీ విషపూరితం చేస్తుంది కాబట్టి ఆ బ్యాటరీల తయారీ ఆగిపోయింది. అదే ఆకారంలో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు ఇస్తుంది. వోల్టేజి ఎక్కువైతే సూది ఎక్కువగా కదులుతుంది. నిజానికి ఉన్నదానికంటే వెలుతురు ఎక్కువగా ఉందని కెమెరా భావించి ఎపర్చర్‌ను తగ్గిస్తుంది. ఫలితంగా ఫోటోలు నల్లబడతాయి. పైగా ఆల్కలైన్ బ్యాటరీ వాడేకొద్దీ వోల్టేజి క్రమంగా పడిపోతుంది. దానితోపాటు మీటరు తప్పు కూడా మారుతుంది. అందువల్ల ఒకే సవరణతో సరిపెట్టుకోలేం.

వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింక్–ఎయిర్ బ్యాటరీ సుమారు 1.4 వోల్టులు స్థిరంగా ఇస్తుంది. దాని వ్యాసం తక్కువ కాబట్టి చుట్టూ ఒక రబ్బరు వలయం అమర్చాలి. స్టిక్కరు తీసిన తర్వాత కొన్ని వారాల్లోనే అది అయిపోతుంది. ఏ బ్యాటరీ వాడినా, నడి ఎండలో మీటరు చెప్పే విలువను పట్టిక 9.3తో పోల్చి చూసుకోవాలి. రెండింటికీ ఒక మెట్టు కంటే ఎక్కువ తేడా వస్తే మీటరును నమ్మకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
3. ఫోకస్ చేసిన తర్వాతే ఫ్రేము ఎందుకు కూర్చుకోవాలి?
4. 1.35 వోల్టులకు బదులు 1.5 వోల్టుల బ్యాటరీ వాడితే ఫోటోలు ఎందుకు నల్లబడతాయి?

9.6 ముందుగా ఫోకస్ చేసే పద్ధతి

కదులుతున్న మనిషి మీద జంట ప్రతిబింబాలను కలపడానికి ప్రయత్నిస్తే ఆ క్షణం దాటిపోతుంది. ఇలాంటి సందర్భాల్లో దూరాన్ని ముందే నిర్ణయించి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ మీద ఆధారపడటం మంచిది.

ఉదాహరణకు వారపు సంతలో టార్పాలిన్ల నీడన కూరగాయలు అమ్మేవారిని చిత్రించాలనుకుందాం. కెమెరాలో ఐఎస్ఓ 400 ఫిల్మ్ ఉంది. ఎండలో 1/500, ఎఫ్/16 సరిపోతుంది. నీడకు మూడు మెట్లు తెరవాలి. 1/500 వద్దనయితే ఎఫ్/5.6, 1/250 వద్దనయితే ఎఫ్/8. మనకు లోతు ఎక్కువ కావాలి కాబట్టి 1/250, ఎఫ్/8 ఎంచుకుందాం. ఫోకస్‌ను 3 మీటర్ల వద్ద ఉంచితే పట్టిక 9.2 ప్రకారం 2.1 మీటర్ల నుంచి 5.4 మీటర్ల వరకు స్పష్టంగా ఉంటుంది. ఇప్పుడు ఫోటోగ్రాఫర్ చేయవలసిన పని రెండు మీటర్ల కంటే దగ్గరకు వెళ్లకుండా చూసుకోవడమే. బేరం కుదిరిన క్షణంలో చేయి చాచిన మనిషిని, కెమెరా కంటికి ఎత్తిన వెంటనే తీయవచ్చు.

ఎండలోకి వచ్చి దూరపు దృశ్యాలు కూడా కలుపుకోవాలంటే ఫోకస్‌ను సుమారు 6.7 మీటర్ల వద్ద ఉంచాలి. ఎఫ్/8 వద్ద అప్పుడు 3.4 మీటర్ల నుంచి అనంతం వరకు స్పష్టంగా ఉంటుంది. ఈ దూరాన్ని హైపర్‌ఫోకల్ దూరం అంటారు. ఇదే ఐఎస్ఓ 400 ఫిల్మ్‌తో ఎండలో ఎఫ్/16 వాడవలసివస్తే హైపర్‌ఫోకల్ దూరం సుమారు 3.4 మీటర్లకు తగ్గి, 1.7 మీటర్ల నుంచి అనంతం వరకు స్పష్టత లభిస్తుంది.

కానొనెట్ షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది. రేకులు తెరుచుకుని మూసుకుంటాయి. ఎగిరిపడే అద్దం లేదు కాబట్టి చప్పుడు చాలా తక్కువ. అద్దం కదిలే కుదుపు లేనందున చేతిలో పట్టుకుని 1/30 సెకను వద్ద కూడా జాగ్రత్తగా తీయవచ్చు. అయితే చప్పుడు లేదన్న కారణంతో మనుషుల అనుమతిని దాటవేయకూడదు. ముఖ్యంగా ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు, దుఃఖంలో ఉన్న ఇళ్ల వద్ద అనుమతి అడగడం ఫోటోగ్రాఫర్ వృత్తిధర్మం.

9.7 పాత కెమెరాను పరీక్షించడం

ఇప్పుడు దొరికే కానొనెట్‌లన్నీ వాడినవే. కొనేముందు, లేదా ఇంట్లో పాత పెట్టెలో దొరికినదాన్ని వాడేముందు ఈ కింది పరీక్షలు చేయాలి.

1. రేంజ్‌ఫైండర్: ఫోకస్‌ను అనంతం వద్ద ఉంచి దూరంలోని సెల్ టవరును చూడండి. రెండు ప్రతిబింబాలూ కలవాలి. తర్వాత టేపుతో సరిగ్గా 1 మీటరు కొలిచి చూడండి. దూరాన్ని లెన్స్ నుంచి కాక ఫిల్మ్ ఉండే తలం నుంచి కొలవాలి. ఒకచోట సరిపోయి మరోచోట తప్పితే మెకానిక్‌తో సరిచేయించాలి. ప్రతిబింబాలు ఒకదాని పైకి ఒకటి నిలువుగా తప్పుకుని ఉన్నా అంతే.

2. షట్టర్: వెనుక తలుపు తీసి, వెలుతురుకేసి చూస్తూ ప్రతి వేగాన్నీ పరీక్షించండి. నూనె చేరితే రేకులు అంటుకుని ఆలస్యంగా తెరుచుకుంటాయి, లేదా అసలు కదలవు.

3. లెన్స్: ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి వెనుక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాల్లో ఇది సాధారణం. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కెమెరాను అందులో నెలల తరబడి ఉంచరాదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచాలి.

4. కాంతి నిరోధక పట్టీలు: వెనుక తలుపు అంచుల్లో ఉండే నల్లని స్పాంజి కాలక్రమంలో జిగురుగా మారుతుంది. అప్పుడు వెలుతురు లోపలికి చొరబడి ఫోటోలపై చారలు పడతాయి. పాతది శుభ్రంగా గీకి తీసి కొత్తది అతికించుకోవచ్చు. ఆ జిగురు షట్టర్ రేకులపై పడకుండా చూసుకోవాలి.

5. బ్యాటరీ గది: పాత బ్యాటరీ కారి పచ్చని మడ్డి పేరుకుందేమో చూడండి.

మీటరు మాత్రమే చెడిపోయిన కెమెరాను వదులుకోనక్కర్లేదు. మాన్యువల్ పద్ధతిలో వాడుకోవచ్చు. రేంజ్‌ఫైండర్, షట్టర్, లెన్స్ ఈ మూడింటిలో లోపం ఉంటే మరమ్మతు ఖర్చు తెలుసుకున్న తర్వాతే కొనాలి.

9.8 మొదటి రీలు: పని క్రమం

నీడలో నిలబడి వెనుక తలుపు తీయండి. ఫిల్మ్ కొసను గుర్తు వరకు లాగి, తలుపు మూసి, లెక్కింపు గడిలో 1 వచ్చేవరకు మీట తిప్పుతూ షట్టర్ నొక్కండి. రీవైండ్ పిడిని మెల్లగా బిగించి, ఆ తర్వాత మీట తిప్పినప్పుడు పిడి కూడా తిరుగుతుందేమో గమనించండి. పిడి తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదని అర్థం. ఖాళీగా 36 ఫ్రేములు తీసే ప్రమాదాన్ని ఈ ఒక్క పరిశీలన తప్పిస్తుంది. ఫిల్మ్ ఐఎస్ఓ సంఖ్యను కెమెరాపై అమర్చడం మరవకండి.

మొదటి రీలును ముఖ్యమైన సందర్భానికి వాడకూడదు. దాన్ని పరీక్షకే కేటాయించి, ఒక నోటు పుస్తకంలో ప్రతి ఫ్రేముకూ దూరం, షట్టర్ వేగం, ఎపర్చర్, వెలుతురు స్థితి రాసుకోండి. ఆరు ఫ్రేములు ఎఫ్/1.7 వద్ద వేర్వేరు దూరాల్లో ఫోకస్ పరీక్షకు, పన్నెండు ఫ్రేములు వేర్వేరు వెలుతురులో ఆటో, మాన్యువల్ పద్ధతుల పోలికకు, మిగిలినవి ముందుగా ఫోకస్ చేసే అభ్యాసానికి వాడవచ్చు. కడిగించిన తర్వాత ప్రింట్లను మాత్రమే కాక నెగెటివ్‌లను కూడా చూడండి. ప్రింటు వేసేటప్పుడు ఎక్స్‌పోజర్ తప్పును కొంత సరిచేస్తారు. నెగెటివ్ మాత్రం ఉన్నది ఉన్నట్లు చూపుతుంది. పలుచగా ఉన్న నెగెటివ్ తక్కువ ఎక్స్‌పోజర్‌కు గుర్తు.

ఎండలో నిలిపిన కారులోనో, మోటారు సైకిల్ పెట్టెలోనో ఫిల్మ్‌ను ఉంచకండి. ఫ్రిజ్‌లో దాచిన రీలును బయటకు తీశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా డబ్బా మూత తెరవకండి. లేకపోతే ఫిల్మ్‌పై చెమ్మ పడుతుంది.

9.9 సారాంశం

రేంజ్‌ఫైండర్ కెమెరాలో చూసే మార్గం, చిత్రించే మార్గం వేర్వేరు. త్రిభుజీకరణ ద్వారా అది ఒక్క దూరాన్ని కచ్చితంగా కొలిచి ఇస్తుంది. స్పష్టత ఎంత మేర ఉంటుందో, మూత ఉందో లేదో అది చూపదు. ఫ్రేము హద్దులను ఫోకస్ చేసిన తర్వాతే సరిగా చూపుతుంది. సగటు వెలుతురును కొలిచే మీటరు, అందులోనూ పాత మీటరు, మోసపోవచ్చు. కాబట్టి దూరం, వెలుతురు, ఫ్రేము అనే మూడు నిర్ణయాలూ ఫోటోగ్రాఫర్ ముందుగా చేసుకోవాలి. ఈ అభ్యాసం అలవడినవారు డిజిటల్ కెమెరా పట్టుకున్నా తెరను చూసి సరిచేసుకునే అవసరం తక్కువగా పడుతుంది.

9.10 పారిభాషిక పదాలు

ఆధారరేఖ : రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరం.
డెప్త్ ఆఫ్ ఫీల్డ్ : ఫోకస్ చేసిన దూరానికి ముందూ వెనుకా స్పష్టంగా కనిపించే మేర.
పారలాక్స్ : వ్యూఫైండర్, లెన్స్ వేర్వేరు చోట్ల ఉండటం వల్ల దృశ్యంలో వచ్చే తేడా.
షట్టర్ ప్రాధాన్య పద్ధతి : షట్టర్ వేగాన్ని మనం, ఎపర్చర్‌ను కెమెరా నిర్ణయించే పద్ధతి.
హైపర్‌ఫోకల్ దూరం : ఆ దూరానికి ఫోకస్ చేస్తే అందులో సగం దూరం నుంచి అనంతం వరకు స్పష్టంగా వచ్చే దూరం.

9.11 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' – సమాధానాలు

1. త్రిభుజీకరణ సూత్రంపై.
2. రెండో ప్రతిబింబం అడ్డంగా పక్కకు జరుగుతుంది. అడ్డగీత తన మీదే జరుగుతుంది కాబట్టి తేడా తెలియదు. నిలువు గీత అయితే రెండుగా కనిపిస్తుంది.
3. ఫోకస్ దూరాన్ని బట్టి ఫ్రేము గీతలు జరిగి పారలాక్స్‌ను సవరిస్తాయి కాబట్టి.
4. వెలుతురు ఎక్కువ ఉన్నట్లు మీటరు చూపుతుంది. కెమెరా ఎపర్చర్‌ను అవసరానికి మించి తగ్గిస్తుంది.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రేంజ్‌ఫైండర్ పనిచేసే విధానాన్ని వివరించి, చిన్న ఆధారరేఖ వల్ల కలిగే పరిమితిని చర్చించండి.
2. రేంజ్‌ఫైండర్ వ్యూఫైండర్‌లో కనిపించేదానికీ ఫిల్మ్‌పై నమోదయ్యేదానికీ గల తేడాలను ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'ఎండలో 16' సూత్రాన్ని వివరించండి.
2. ఐఎస్ఓ 200 ఫిల్మ్‌తో, మబ్బు పట్టి నీడ కనిపించని రోజున, 1/125 సెకను వద్ద ఏ ఎపర్చర్ వాడాలి? కారణం రాయండి.
3. పాత రేంజ్‌ఫైండర్ కెమెరాను కొనేముందు చేయవలసిన పరీక్షలను పేర్కొనండి.